తాడు పట్టిన చెయ్యి

పొద్దుగూకే వేళకి పేరమ్మ అల్లూరులో చేపలమ్ముకుని ఖాళీ గంపతో ఇల్లు చేరతాది. కాళ్ళు కడుక్కుని, పొయ్యి రాజేసి, పులుసు కాగబెట్టి టీవీ పెడతాది. ఆ వేళకి తాటిచెట్లపాళెంలో టీవీ మోగని ఇల్లుంటే కదా! అందరూ 'రుధిరవేణి' సీరియల్ కోసం పెడతారు, పేరమ్మ మాత్రం మధ్యలో వచ్చే ప్రకటనల కోసం పెడతాది. సబ్బుల ప్రకటన మొదలవగానే రుధిరవేణి టీవీలోంచి దిగొచ్చి, ఈమె పక్కన పీటేసుకుని అన్నం తింటాది.

పేరమ్మది పాతకాలం పొట్ట టీవీ. గోడకి అంటించే పలక టీవీల్లోంచి మనిషి రావాలంటే ఎట్టా వస్తాది పాపం! ఆ వేషం కట్టే నటి హైదరాబాదులో ఎక్కడో ఉంటాది, ఆమె వేరు. ఈమె అచ్చంగా సీరియల్లో దయ్యప్పిల్లే. చచ్చి మూడొందల ఏళ్ళయినా ఆ కథలో ఈ పిల్లకి ఇంత ముద్ద పెట్టినోళ్ళు లేరు.

మొదట్లో పాళెమంతా ఎగబడింది. రుధిరవేణి సేనకి అధ్యక్షుడు పెంచలకృష్ణ. ఊరి మొగదల ఫ్లెక్సీ కట్టించి, శుక్రవారం శుక్రవారం దానికి పాలు పోసేది అతనే. దండ పట్టుకుని పరుగున వచ్చినాడు, పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు. ఫోటోలో అతని పళ్ళు పడినాయి, పేరమ్మ పొయ్యి పడింది, రుధిరవేణి మాత్రం పడలా. ఇంకో తూరి తీసినాడు. అప్పుడూ పడలా.

"ఫోటోలో పడకపోతే ఎవురు నమ్ముతారక్కా?" అని మొహం వేలాడేసుకుని, తెచ్చిన దండ తీసుకుపోయి ఫ్లెక్సీకే వేసినాడు. ఆ రోజుతో జనం రావడం మానేసినారు.

పేరమ్మకి ఒళ్ళు మండిపోయింది. "బొమ్మకి పాలంట! మనిషికి మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు," అని ఇంటింటికీ వినబడేట్టు తిట్టింది. అంత పేరు నోరు తిరక్క, పిల్లని వేణీ అని పిలిచింది. వేణికి నెత్తళ్ళ చేపల పులుసంటే ప్రాణం. తింటావుంటే పేరమ్మ వెనక కూచోని, ఆ విరబోసిన జుట్టుకి నూనె రాసి జడేసేది. ప్రకటనలు అయిపోయే వేళకి మళ్ళీ జడ విప్పి పంపించేది. దయ్యానికి జడుంటే ఒప్పుకోరంట.

గురువారం నాడు వేణి ముద్ద దిగక కూచోనుంది.

"రేపటితో అయిపోతాదమ్మా. మాంత్రికుడు నన్ను కుండలో బిగించి సముద్రంలో కలిపేస్తాడు. ఆ తర్వాత ఇంక నేనుండను."

"పోవద్దులేమే. ఈడే ఉండిపో."

"ఎట్టా ఉండేది? ప్రకటనలు అయిపోతే లోపలికి లాగేస్తాది. పట్టుకోడానికి ఈడ నాదంటూ ఏముండాది?"

పేరమ్మ జడ విప్పతా విప్పతా ఏడ్చేసింది.

శుక్రవారం సాయంత్రం రమణయ్య పెద్దవల సముద్రంలో ఉండాది. ఒడ్డున బారులు తీరి తాళ్ళతో లాగే వల అది. దానికి పాళెంలో ఒక కట్టుబాటుంది. తాడు పట్టిన చెయ్యికి పడిన చేపల్లో పాలివ్వాల్సిందే. ఏ ఊరు, ఎవురి బిడ్డ అని అడగరు. చేపల్లో పాలు తీసుకుంటే పాళెం మనిషే.

ఆ రోజు సీరియల్ పాట వినబడిందో లేదో, లాగేవోళ్ళంతా తాడు వదిలేసి ఇళ్ళకి పరుగు! ముసిలి రమణయ్య, ఇద్దరు ముగ్గురు ఆడోళ్ళు మిగిలినారు.

"వల పోతావుండాదిరో! మీ టీవీలు తగలెయ్య!"

ఆ కేక వినబడేసరికి ప్రకటనలు మొదలై, పేరమ్మ వేణికి అన్నం వడ్డిస్తావుంది. గరిటె ఆడనే పడేసింది.

"తినేది తర్వాత. బిన్నా రామే!" అని చెయ్యి పట్టుకుని ఇసకలో పరిగెత్తించింది.

ఇద్దరూ తాడు పట్టినారు. ఇంకా సగం వల నీళ్ళలో ఉండగానే ఇళ్ళలోంచి మళ్ళీ సీరియల్ పాట వినబడింది. వేణి కాళ్ళు వాటంతటవే ఇళ్ళ వైపు జారినాయి.

"అమ్మా, లాగేస్తావుండాది!"

"వదలబాకమే! వదిలితే ముసిలోడి వల పోతాది. నా తల్లివి కదా, వదలబాక!"

వేణి కళ్ళు మూసుకుని పట్టు బిగించింది. తాడు కోసుకుని అరచేతుల్లో నెత్తురు పొడిచింది. తన నెత్తురు తానెప్పుడూ చూడని పిల్ల, దాన్ని చూసుకుంటానే లాగింది. వల ఒడ్డెక్కింది.

రమణయ్య ఇసకలో చేపలు కుప్పలు పోసినాడు. ఆఖరి కుప్ప చూపించి, "ఇది ఈ బిడ్డ పాలు," అన్నాడు.

టీవీలో మాంత్రికుడు కుండ మూత తీసినాడు. లోపల ఏమీ లేదు. అటు తిప్పి, ఇటు తిప్పి చూసినాడు. శుభం పడిపోయింది.

పెంచలకృష్ణ గడ్డం పెంచినాడు, ఫ్లెక్సీ ముందర సంతాప సభ పెట్టించినాడు. అయినా రుధిరవేణి ఇంకా ఉండాదేమోనని ఎక్కడో ఆశ. ఒక పొద్దున అల్లూరు పోయినాడు. పేరమ్మ గంప పక్కన వేణి నెత్తళ్ళు కొలిచి పోస్తావుంటే, ఫోన్ ఎత్తి ఫోటో తీసినాడు. ఈ తూరి పడింది. నూనె జడ, అరచేతికి గుడ్డ, మోచేతికి అంటుకున్న పొలుసు, అన్నీ పడినాయి.

చాలాసేపు చూసి నిట్టూర్చినాడు. "లేదక్కా. ఈ పిల్ల మామూలుగా ఉండాది. ఫోన్లోంచి తీసేస్తాను."

"తీసేయబాక నాయనా!" అని పేరమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "మా రేషన్ కార్డులో బిడ్డ పేరు ఎక్కించాల. ఫోటో అడిగినారు."