దారం లేని కాయలు

కురుమూర్తి సారు ముప్పై ఏళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పాడు. ఒక్కరినీ మెచ్చుకోలేదు. రిటైరై, గద్వాల దగ్గరి సొంతూళ్లో ముప్పావు ఎకరం విత్తన పత్తి పెట్టాక కూడా నోరు మెత్తబడలేదు.

ఆ పొద్దున కంపెనీ తరఫున చేను చూడటానికి వచ్చిన సూపర్‌వైజర్ స్కూటీ దిగుతూనే నమస్తే పెట్టింది.

"గుర్తుపట్టిండ్రా సార్? యమునను. వీపనగండ్ల బడి."

గుర్తుపట్టాడు. ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక రోజు రిజెక్ట్ అనే మాట చెబుతున్నాడు. లాటిన్‌లో 'రె' అంటే వెనక్కి. 'జాకెరె' అంటే విసరడం. వద్దనుకున్నదాన్ని వెనక్కి విసిరికొట్టడమే రిజెక్ట్. ఆ విసరడమే ఇంజెక్షన్‌లోనూ ఉంది, మందును లోపలికి విసురుతారు. ప్రాజెక్టులోనూ ఉంది, ముందుకు విసరడం.

"మరి జూరాల ప్రాజెక్టును ఎవరు ఇసిరిండ్రు సార్?" అంది యమున. తరగతంతా గొల్లుమంది.

సారు ఆమె నోటుబుక్కు తీసి కిటికీలోంచి వానలోకి విసిరాడు. "ఇదీ రిజెక్ట్. రాసుకో."

ఆమెకు ఇంకో పుస్తకం లేదు. ఏడాదంతా పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసుకుంది. దానికీ మార్కులు కోశాడు.

ఇప్పుడామె సాళ్లలోకి దిగి కొమ్మలు వంచి చూస్తోంది. విత్తన పత్తిలో సాయంత్రం మొగ్గ వలిచి కేసరాలు తీసి, తెల్లారి మగపువ్వు పుప్పొడి అద్ది, కాడకు దారం కట్టాలి. దారం కట్టని పువ్వును ఏ రోజుకారోజు తుంచి పారేయాలి. వదిలేస్తే అది తనంతట తాను కాయ కడుతుంది. ఆ కాయ విత్తనం ఒక్క దోసెడు కలిసినా సంచులన్నీ చెడినట్టే.

"ఏ సాలు చూసినా దారం లేని కాయలున్నయి. ఎట్లయింది సార్?"

ఎట్లయిందో ఆయనకు తెలుసు. మూడు వారాల కింద కూలీల పెద్దామె మనవడికి జ్వరమని అరగంట ఆలస్యంగా వచ్చింది. ఆమె సద్దిడబ్బా గట్టు మీది నుంచి బాటలోకి విసిరాడు. ఆమె డబ్బా తుడుచుకుని నడిచింది. వెనకే ఎనిమిది మంది నడిచారు. కొత్త కూలీలు దొరికేలోపు మూడు రోజుల పూత చెట్టు మీదే కాయ కట్టింది.

"సాయంత్రం ఐదుకు మళ్లొస్త. గప్పటికల్ల దారం లేనివన్నీ తెంపియ్యున్రి, పాస్ రాస్త. లేకుంటే రిజెక్టే. కంపెనీ మీ పత్తి తీసుకోదు."

"నా మీద జాలి పడుతున్నవా?"

"జాలి ఎందుకు సార్? అందరికీ గిదే చెప్త."

సారు పెద్దామె ఇంటికి వెళ్లాడు. ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. పక్కన నలుగురు ఆడవాళ్లున్నారు.

"చేలో పనుంది. అందరూ రాండ్రి."

ఆమె చేట దించలేదు. "ఎవర్ని పిలుస్తున్నవ్ సారూ? నా పేరేంది?"

సారుకు ఆ పేరు తెలియదు. కూలీలను పిలిచింది ఎప్పుడూ భార్య పుష్పమ్మే. ఆమె పోయి రెండేళ్లు. అప్పటి నుంచి ఆయన ఏయ్ అనేవాడు, పని జరిగేది.

"ఆరేండ్లు నీ చేన్ల నడుము వంచిన. ఏ దేశపోళ్లవో లాటిన్ మాటలు సుత నోటికొస్తయంట గదా నీకు. పో, నా పేరు యాదికొస్తె రా."

"యాదికి రాకుంటే గా లాటిన్ల పిలువు సారూ," అంది ఇంకొకామె. నవ్వులు వీధి మలుపు దాకా వినిపించాయి.

క్షమించమనే మాట ఆయన నోటికి రాలేదు. ఒక్కడే చేలోకి దిగాడు. కళ్లజోడులోకి చెమట కారింది. దారం ఉందో లేదో ఒక్కో కాయనూ కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. ఐదయ్యేసరికి నలభై సాళ్లలో ఆరు అయ్యాయి.

యమున చెప్పిన వేళకే వచ్చింది. ఏడో సాలు చూసింది, ముప్పయ్యో సాలు చూసింది. కాగితం మీద రిజెక్ట్ అని రాసి ఇచ్చింది. సారు తప్పు కోసం రెండుసార్లు వెతికాడు. దొరకలేదు. సంతకం పెట్టాడు.

"జమ్ములమ్మను పిలిస్తే సాయంత్రానికి అయిపోతుండె గద సార్," అంది స్కూటీ తిప్పుతూ.

"ఆ పేరేదో పొద్దున చెప్పి చావొచ్చు కదే!" అని అరిచాడు కురుమూర్తి సారు.

స్కూటీ అప్పటికే మలుపు తిరిగింది.