చెప్పని మలుపు

ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించి, చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ ఆవిడ వచ్చి మొగుడి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. గుండె మాత్రం కుదురుగా కూర్చోలేదు.

మొగుడిది మామూలు కుర్చీ కాదు. తుక్కు కింద పోయిన వ్యానులోంచి ఊడదీసి తెచ్చుకున్న డ్రైవరు సీటు. దాని ముందు భోజనాల బల్లకు బోల్టులేసి బిగించిన స్టీరింగు, కింద చెక్కకు మేకులు కొట్టిన పెడళ్ళు, ఎదురుగా గోడకు టీవీ. వారమంతా బడి వ్యాను తోలే మనిషి సెలవు పూట కూడా స్టీరింగే పట్టుకుంటాడేమిటని చుట్టాలంతా బుగ్గలు నొక్కుకునేవారు. ఏం చేస్తారు, ర్యాలీ ఆటంటే ఆయనకు ప్రాణం! టీవీలో కొండదారులు, గులకరాళ్ళు, మంచు, బురద. వాటి మీద కారు ఉరికించాలి. ఎక్కడెక్కడో ఇళ్ళలో కూర్చుని ఇదే ఆట ఆడేవాళ్ళంతా ఒక జట్టుగా చేరారు. ఎంత జారుడులోనైనా కారు అదుపు తప్పనివ్వడని వాళ్ళు ఆయనకు బురద మామ అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే వెలిగినట్టు ఆయన ముఖం పెళ్ళినాడు కూడా వెలగలేదని ఆవిడ ఎత్తిపొడిచేది.

ఈ ఆటకు తోలేవాడొక్కడే చాలడు. కాగితం చూసి రాబోయే మలుపు ముందే చెప్పే మనిషి పక్కన ఉండాలి. ఆ పని ఆవిడది. ఎడమో కుడో చెప్పి, పక్కన ఒక అంకె చెప్పాలి. అంకె ఎంత చిన్నదైతే మలుపు అంత గట్టిది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, నోరు ఆగకూడదు.

ఏడాదంతా సాగిన పోటీలో ఇవాళ ఆఖరి దారి. ఎవరూ ఇంతకు ముందు చూడనిది; పోటీ పెట్టినవాళ్ళు దారి వివరాలు రాసిన కాగితం మాత్రం పంపారు. ఒక్కసారే తోలాలి. బురద మామ అందరికన్నా ముందున్నాడు. చిత్రమేమిటంటే, ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనిది ఈ ఏడే ఆయన గాలిలా పోతున్నాడు.

ఎందుకో నిన్న సాయంత్రం దాకా ఆవిడకు తెలియలేదు.

నిన్న కిరాణా కొట్టు దగ్గర వ్యానులో పిల్లలను చూసుకునే ఆయా కనిపించింది. పకపకా నవ్వుతూ, "వదినా, అన్నయ్య ఆట పిచ్చి నాకూ అంటించాడు. ఎడమ పక్క ఏమొస్తే అది చెబుతూ ఉండమంటాడు. స్కూటరొస్తోందన్నా, సైకిలొస్తోందన్నా అని దారంతా నా నోరు పోతోంది! సోమవారం నేను సెలవు. పాపం, ఒక్కడే తోలుకోవాలి" అంది.

ఆవిడకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. గేటు స్తంభానికి వ్యాను రాసుకున్న గీత ఎడమ పక్కే. అన్నంలో చెయ్యి పెడితే ఆయనకు కంచంలో ఎడమ పక్క కూర ఉన్న సంగతే పట్టదు. రాత్రి అడిగితే ఏమన్నాడు? "నా కళ్ళకేమే? నీ వంటలో ఉప్పు లేదని ఇక్కణ్ణించే కనిపిస్తోంది" అని నవ్వేశాడు. డాక్టరు మాట ఎత్తగానే లేచి వెళ్ళిపోయాడు. రేపు పొద్దున్నే వ్యాను నిండా పిల్లలు. పక్కన ఆయా లేదు.

"ఏమే, నిద్రపోతున్నావా? మొదలవుతోంది!"

"చెబుతున్నా. కుడి అయిదు. ఎడమ మూడు, లోపలి అంచున రాయి, మూల కోసుకుపోకండి."

కారు ఉరికింది. గులకరాళ్ళు ఎగిరాయి. ఆవిడ ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను మొగుడి మీద పెట్టింది. ఆయన తల కాస్త ఎడమకు తిప్పి కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ అది ఒళ్ళు మరిచిన ఆటగాడి వాటమనుకుంది. ఈ ఏడు గాలిలా పోతున్నదీ అందుకే: చూసి వెనకాడకుండా, ఆవిడ మాట మీదే తోలుతున్నాడు.

"కుడి రెండు. వంతెన, సన్నం. ఎడమ నాలుగు, పోనుపోను ముడుచుకుంటుంది."

"అదీ! అట్లా చెప్పు! నువ్వుంటే నాకు కళ్ళెందుకే!"

ఆ మాట విని ఆవిడ కాగితం ముందుకు తిప్పి చూసింది. కాగితంలో ఇంకొక్క పేజీ ఉంది. దాని చివర దారి అడవిలోంచి బయటపడి, కోసేసిన పొలాల మధ్య తిన్నగా పోతుంది. ఎండ ఫెళ్ళున కాస్తుంటుందని కూడా రాసి ఉంది. అక్కడొక సున్నం కొట్టిన గోడ, ఆ గోడ ముందు ఎడమకు మలుపు. చూపున్న వాడికి ఎంతో దూరం నుంచే కనిపించే మలుపు. ఒకరు చెప్పాల్సిన పనే లేదు.

టీవీ మూలన అంకెలు పచ్చగా వెలుగుతున్నాయి. అందరికన్నా ముందున్నాడు. ఏడాది కష్టం. ఈ మలుపూ చెప్పేద్దామా అనుకుంది. గెలిచాక నెమ్మదిగా చెబుదామా? గెలిస్తే ఈ మనిషి వింటాడా?

చెట్లు అయిపోయాయి. ఎండ వచ్చింది. గోడ కనిపించింది.

ఆవిడ నోరు మూసుకుంది.

"చెప్పు."

కారు పోతూనే ఉంది. బ్రేకు మీద కాలు పడలేదు. గోడ పెద్దదవుతోంది.

"చెప్పవేమే! ఎటు? ఎటే?"

ఆవిడ పెదవి పంటికింద నొక్కి పట్టింది. స్టీరింగు ఇటూ అటూ వణికి, చివరికి కుడికి తిరిగింది. దారి ఎడమకు పోయింది. కారు గోడ అంచుకు గుద్దుకుని పొలంలో పల్టీలు కొట్టి, తలకిందులుగా ఆగింది. చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి.

ఫోనులో జట్టువాళ్ళ మాటలు వచ్చి పడుతున్నాయి: ఏమైంది మామా, అంత పెద్ద గోడ కనిపించలేదా?

ఆయన అన్నాడు, "ఒక్క మలుపు. ఆ ఒక్కటీ చెబితే గెలిచేవాణ్ణి."

"గెలిచుంటే రేపు పొద్దున బండెక్కేవారు."

ఆయన గిర్రున తిరిగాడు. తిట్టబోయాడు. ఆవిడ ఎడమ పక్క కూర్చుని ఉంది. ముఖం కోసం ఆయన తల ఇంకా, ఇంకా తిప్పాల్సి వచ్చింది. తిట్టు నోట్లోనే ఆగిపోయింది.

"అది ఆట. దారి మీద నేను జాగ్రత్తగానే..."

"దారి మీద ఆయా ఉంది. రేపు ఎవరు చెబుతారండీ, ఎడమ పక్క ఎవరి బిడ్డ దిగుతోందో?"

ఆయన చేతులు స్టీరింగు మీద నుంచి జారి ఒళ్ళో పడ్డాయి. ఆవిడ ఫోను తీసి బడి యజమాని నంబరు కలిపి ఇచ్చింది. తాను మాట్లాడతానని మాత్రం అనలేదు.

"అయ్యా, నేనే... రేపు వ్యాను తీయలేను." అవతల నుంచి విసుగు గట్టిగానే వినిపించింది: ఆదివారం పూట ఇప్పుడా చెప్పేది, పిల్లల్నెవరు తెస్తారు, జ్వరమా ఏమిటి? ఆయన కళ్ళు మూసుకున్నాడు. "జ్వరం కాదండీ. ఎడమ పక్క కనిపించడం లేదు."

అవతల గొంతు ఒక్కసారిగా తగ్గింది. "ఎప్పట్నించి?"

ఆవిడ ఓ నెలో, రెండు నెలలో అనుకుంటోంది.

"ఎండాకాలం సెలవుల ముందు నుంచి" అన్నాడు.

ఆవిడ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. వానలన్నీ ఆ చూపుతోనే తోలాడు. పొగమంచులో తోలాడు.

యజమాని తిట్టలేదు. "కదలకు. తాళాలకు నేనే వస్తున్నా" అని పెట్టేశాడు.

ఆయన లేచి మేకుకున్న వ్యాను తాళాలు తీసుకున్నాడు. ఆవిడ చెయ్యి చాచింది. ఇవ్వలేదు. "నేనే ఇస్తా" అన్నాడు. గడప దాకా ఎడమ చేత్తో గోడ తడుముకుంటూ పోయి, వీధి తలుపు బార్లా తెరిచి, తాళాలు పిడికిట్లో బిగించుకుని నిలబడ్డాడు. వీధిలో బండి చప్పుడైనప్పుడల్లా ఆ పిడికిలి ఇంకొంచెం బిగుస్తోంది.