అంగుళానికి పది చుక్కలు

ఎంత సాగదీసినా ఫోటోలో ఉన్నవి నాలుగు వందల ఎనభై చుక్కలే, వాటిని ఫ్లెక్సీలో నాలుగడుగుల ముఖం మీద పరిస్తే అంగుళానికి పది వస్తాయి, పదితో ఏ ముఖం నిలుస్తుంది అనుకుంటూ రమాకాంత్ కంప్యూటర్ తెర మీది బొమ్మను ఇంకా దగ్గరికి లాగాడు. పూలమ్మ కన్ను గోధుమరంగు గళ్ళుగా విడిపోయింది. తన మనసు పనిచేసే తీరూ ఇదేనని అతనికి తెలుసు. ఎవరైనా ఒక మాట అంటే దాన్ని పెద్దది చేసి చేసి, మాట పోయి గళ్ళు మిగిలేదాకా చూస్తాడు. కిందటేడు తను వేసిన పెళ్ళి ఫ్లెక్సీలో పెళ్ళికొడుకు ముఖం మసకగా ఉందని జనం నవ్వారు. అలాంటిది మళ్ళీ వేయకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాడు.

ఎదురుగా స్టూలు మీద బక్కమ్మ కూర్చుని ఉంది. మిర్చి యార్డులో పూలమ్మతో కలిసి కాయలు ఏరే కూలీ. యాభై ఎనిమిదేళ్ళ పూలమ్మ ఓపెన్ స్కూల్లో పది పాసైంది. రేపు పొద్దున ఆమె పనిలోకి వచ్చేసరికి యార్డు గేటు మీద ఫ్లెక్సీ ఉండాలి.

"వేరే ఫోటో లేదా అవ్వా?"

"మస్తున్నయ్. అన్నిట్ల కండ్లు మూసుకున్నది. గీ ఒక్కదాంట్లనే తెరిసింది."

"ఇది వాట్సాప్‌ల వచ్చేటప్పుడే చిన్నగైంది. అండ్లకెల్లి మళ్ళ ముఖం ఒక్కటే కోసిండ్రు. పుస్తకంల వేస్తే అంగుళమున్నర మంచిగొస్తది. నాలుగడుగులంటే గళ్ళు కనవడ్తయ్."

"ఎవలికి కనవడ్తయ్?"

"దగ్గరికొచ్చి చూసినోళ్ళకు."

"నిచ్చెన ఏసుకొని ఎక్కి దాని ముక్కు జూసేటోడు ఎవడున్నడు కొడుకా? మేము బస్తాల అవుతల్నుంచి చూస్తం. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కుర్చీలోంచి లేచి తన పనిని దూరం నుంచి చూడలేదన్న సంగతి రమాకాంత్‌కు అప్పుడే తట్టింది. బొమ్మను అచ్చయ్యే సైజుకే పెట్టి తెరను రోడ్డు వైపు తిప్పాడు. అందులో ఒక్క కన్ను మాత్రమే పట్టింది.

"అవ్వా, మంచిగుంటే చెయ్యెత్తుత. గప్పుడు గీ బటన్ నొక్కు, ప్రింట్ పోతది."

"నావి మిరపకాయ చేతులు. నీ మిషన్ తుమ్మితే నన్ననకు."

ఆటోలను తప్పించుకుంటూ రోడ్డు దాటి, నలభై అడుగుల దూరాన చాయ్ హోటల్ ముందు ఆగి వెనక్కి తిరిగాడు. గళ్ళు లేవు. కన్ను ఉంది. దాని కొసన మూడు ముడతలు, వాటిలో నవ్వు. ఒక అడుగు ముందుకు వేశాడు, నవ్వుతూనే ఉంది. వెనక్కి జరిగాడు, ఇంకా బాగా నవ్వింది. ఆ పెళ్ళి ఫ్లెక్సీ భోజనాల వరస పక్కనే, చేతికందే దూరంలో కట్టారని గుర్తొచ్చింది. ఏడాదిగా జనం నవ్వులనే మోశాడు గాని దూరాన్ని మరిచిపోయాడు. రోడ్డు అంచున ఒంటరిగా నవ్వుతున్న అతన్ని చాయ్ పోసే మొగిలయ్య వింతగా చూశాడు.

షాపులోంచి బక్కమ్మ కేకేసింది. "ఏం కొడుకా, పాసా ఫేలా?"

రమాకాంత్ చెయ్యెత్తాడు.