బావ బరువు

పొద్దున లేవగానే అక్క చేసే మొదటి పని మంచం కోళ్ళ కింద చెక్కలు సరిచూసుకోవడం. బావ పడుకునే వైపు నాలుగు చెక్కలు, తన వైపు ఒకటి. ఆ రోజు ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ఆయన వైపు అయిదోది కూడా దూర్చాలి. బావ ఒక్కో కోత కోసినప్పుడల్లా కిలోనో రెండు కిలోలో బరువెక్కుతాడు మరి. చూడ్డానికి మనిషి సన్నగానే ఉంటాడు, ఆ బరువు పొట్టలో కనిపించేది కాదు. ఆఫీసులో లిఫ్టు ఎక్కితే పక్కవాళ్ళు, "సార్, మూడో అంతస్తు దాకా ఏం మాట్లాడకండి" అని దణ్ణం పెడతారు.

డాక్టరుకి చూపించారు కూడా. "చిన్నాచితకా కోతలు నిద్రలో కరిగిపోతాయి. పెద్దవి మాత్రం నలుగురి ముందూ అబద్ధమని ఒప్పుకుంటేనే దిగుతాయి" అన్నాడాయన, మందు చీటీ కూడా రాయకుండా. నేనే గనక డాక్టరు చదివుంటే ఈపాటికి మూడు ఆసుపత్రులు కట్టేవాణ్ణి అన్నాడు బావ. అక్కడికక్కడే కుర్చీ విరిగింది.

చెల్లికి బావంటే అసహ్యం. దాచుకునే రకం అసహ్యం కాదు. ఆమె కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. పావు పాయింటు తేడా వచ్చినా మళ్ళీ మొదటి నుంచి చేస్తుంది. అలాంటి మనిషికి, నోటికొచ్చింది వాగి దానికి ఒక లెక్క అంటూ లేని బావని చూస్తే ఒళ్ళు మండక ఏం చేస్తుంది? కానీ అసలు మంట అది కాదు.

చెల్లికి డ్రైవింగ్ నేర్పింది అక్కే. క్లచ్చు మీద కాలు ఎలా ఆనించాలో, మలుపులో చూపు ఎక్కడుండాలో చెవి మెలేసి మరీ నేర్పింది. అలాంటి అక్క ఎనిమిదేళ్ళుగా స్టీరింగ్ ముట్టుకోలేదు. అప్పట్లో అక్క నడుపుతుండగా కారు కల్వర్టు గోడని గుద్దుకుంది. తలకి దెబ్బ తగిలి అక్కకి ఆ పది నిమిషాలూ గుర్తులేవు. గుర్తున్నది పక్క సీట్లో ఉన్న బావకే. "ఎదురుగా లారీ వస్తుంటే బిగుసుకుపోయింది. నేను స్టీరింగ్ లాగాను కాబట్టి బతికింది" అని ఆయన ఎనిమిదేళ్ళుగా వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్తూనే ఉన్నాడు. అక్క పక్కన కూర్చుని తలొంచుకుని వింటుంది. మందుల షాపులో ఉద్యోగానికి రెండు బస్సులు మారి వెళ్తుంది. ఎవరైనా కారు తాళాలు చేతికివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంటుంది.

ఊరవతల రేసు ట్రాకుని నెలకోసారి మామూలు జనానికి ఇస్తారు. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని ఇష్టమొచ్చినంత వేగంగా తోలుకోవచ్చు. పోటీ లేదు, బహుమతీ లేదు. అయినా ఆ ఆదివారం అక్కడికొచ్చినవాళ్ళలో సగం మంది మొహాలు ప్రపంచ కప్పు ఎత్తబోతున్నట్టే ఉన్నాయి. కారు బరువు తగ్గాలని ఏసీ, వెనక సీటు పీకేసి, తన బొజ్జ మాత్రం భద్రంగా తెచ్చుకున్న పళ్ళ డాక్టరొకడు రిజిస్ట్రేషన్ కాయితంతో విసురుకుంటున్నాడు. ఇంకొకడు ఇంజను కంటే స్టిక్కర్ల మీదే ఎక్కువ పెట్టుబడి పెట్టాడు. "వీళ్ళందరూ పెళ్ళాల ముందు ఏం చూపించుకోలేక ఇక్కడికొచ్చారు" అనుకుంది చెల్లి.

ఆమె కారు పాత, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో దాదాపు అలాగే ఉంది. మార్చినవి మూడే: బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిలు, టైర్లు. డిక్కీలో సామానంతా తీసి నేల మీద పెట్టి, చక్రాల నట్లు ఒక్కొక్కటే బిగించి, టైర్లలో గాలి చూసుకుంటుంటే బావ వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా మరదలా! కూరగాయలకి వెళ్ళే బండి ఇక్కడికి తెచ్చావే?"

"మీరు కప్పులు గెలిచే బండి తెచ్చారుగా బావా. ఇద్దరిలో ఒకరం కూరగాయలు తేవాలి కదా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బావ నవ్వలేదు. తన కారు వెనక కట్టిన పెద్ద రెక్కని తట్టి, దాన్ని తనే గీసి చేయించానన్నాడు. కాలి కింద తారు కొంచెం కుంగింది.

బావ తన కారుకి ఏడు గంటలకే తూకం వేయించాడు. ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి, ఆ బరువుకి తగ్గట్టు స్ప్రింగులు, టైర్లలో గాలి, బ్రేకులు అన్నీ సరిచేశాడు మెకానిక్కు. రాత్రంతా నిద్రపోయి లేచాడు కాబట్టి అప్పటికి తేలికగానే ఉన్నాడు. ఆ తర్వాత పదకొండింటి దాకా ఒక్కో గుంపు దగ్గరికీ వెళ్ళి వాగుతూనే ఉన్నాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు రేసు జట్టువాళ్ళు ఇంటికొచ్చి బతిమాలారట. కళ్ళు మూసుకుని కూడా ఈ ట్రాకు తిరగగలడట.

"బావా, ఇంకోసారి తూకం వేయించుకోండి. పొద్దుటి బరువు కాదు మీది" అంది చెల్లి. ఆయన మీద ప్రేమతో కాదు, అక్క వెర్రిమొహం వేసుకుని పక్కనే నిలబడి ఉందని.

"అద్దాలు తుడుచుకునేదానివి, నాకు చెప్తావా? నీకు తెలిసిన బ్రేకులు నేను మర్చిపోయిన వాటిలో పదో వంతు లేవు" అన్నాడు బావ. కారెక్కాడు. స్ప్రింగులు కిర్రుమన్నాయి.

ఆయన బయల్దేరాక చెల్లి అక్క చేతిలో కాయితం పెట్టింది. రెండో డ్రైవరు అన్నచోట అక్క పేరు రాసి ఉంది. సంతకం ఒక్కటే మిగిలింది.

"నీకేమైనా పిచ్చా? మళ్ళీ ఎవర్నో ఒకర్ని గోడకేసి కొట్టడానికా?"

"ఇక్కడ గోడలు దూరంగా ఉంటాయిలే. లైసెన్సు ఉందా, లేదా?"

"ఉంది."

"ఎనిమిదేళ్ళుగా నడపనిదానివి ఎందుకు రెన్యువల్ చేయించావే?"

అక్క కాయితం మడిచి తిరిగి చెల్లి చేతిలోనే పెట్టేసింది. ఆ మడత చూస్తే చెల్లికి ఏడుపొచ్చినంత పనైంది. ఈ రోజు కాకపోతే అక్క ఇంక జన్మలో నడపదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అంతలో అందర్నీ ఆపమంటూ ఎర్ర జెండా ఊపారు.

పెద్ద సూటి దారి చివర బావ బ్రేకు తొక్కాడు. ఏడింటి బరువుకి సరిచేసిన బ్రేకులు పదకొండింటి బరువుని ఎలా ఆపుతాయి? పొగలు కక్కుకుంటూ కారు మలుపుని పట్టించుకోకుండా సూటిగా పోయి, పక్కనున్న కంకరలో తలుపుల దాకా దిగబడింది. దెబ్బలేమీ తగల్లేదు. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

క్రేను వచ్చింది. తాడు కట్టి లాగితే క్రేను వెనక చక్రాలు గాల్లోకి లేచాయి. ఆపరేటరు దిగొచ్చి, ఇలాంటి కేసులు రోజూ చూసేవాడిలా కిటికీలోకి వంగి, "కోతలా సార్? ఒప్పుకోండి మరి. వెనకాల ముప్పై మంది ఎదురుచూస్తున్నారు" అన్నాడు.

ట్రాకు మూతపడేసరికి అందరూ కంచె దగ్గర చేరారు. భార్య కదా అని అక్కని లోపలికి పంపారు. వెంట చెల్లి వెళ్ళింది. పళ్ళ డాక్టరు కంచె మీంచి, "త్వరగా ఒప్పుకోవయ్యా బాబూ! నా టైము పోతోంది!" అని అరిచాడు.

బావ ఎండకి తట్టుకోలేక చివరికి, "రెక్క నేను గీయలేదు, రెడీమేడ్‌గా కొన్నాను" అన్నాడు. కారు బెత్తెడు లేచింది. రేసు జట్టు ఏదీ ఇంటికి రాలేదన్నాడు. ఇంకో బెత్తెడు. ఇంట్లో ఉన్న కప్పులు దుకాణంలో పేరు చెక్కించి తెచ్చుకున్నవేనన్నాడు. కంచె దగ్గర ఈలలు వేశారు. ఒక్కోటి చెప్పినప్పుడల్లా క్రేను కొంచెం కొంచెం నేలకి దిగింది. అయినా కారు బయటికి రాలేదు.

ఆపరేటరు తాడుని వేలితో మీటి చూశాడు. "ఇంకొకటుంది సార్. పాతది. బాగా లోపల ఉంది."

బావ అక్క వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. "అంతే. ఇంకేం లేదు" అన్నాడు. కారు కిటికీ దాకా దిగిపోయింది. కంకర ఒళ్ళో పడుతుంటే కెవ్వుమన్నాడు.

"చెప్పండి" అంది అక్క.

"లారీ లేదు" అన్నాడు బావ. "ఆ రోజు ఎదురుగా ఏ లారీ లేదు. నువ్వు బాగానే నడుపుతున్నావు. పక్క కారువాడు దాటిపోయాడని, వాడికి చూపిద్దామని నేనే స్టీరింగ్ లాగాను. నువ్వు వద్దు వద్దని అరిచావు."

కారు ఖాళీ డబ్బాలాగా ఎగిరొచ్చి తారు మీద పడింది. ఎవరూ ఈల వేయలేదు.

అక్క తన రెండు చేతులూ ముందుకి చాపి, అరచేతులూ వేళ్ళూ తిప్పితిప్పి చూసుకుంది.

"ఎనిమిదేళ్ళండీ" అంది. "ఈ చేతులతో నా కడుపున పడే బిడ్డని ఎత్తుకోవడానికి కూడా భయమేసి వద్దనుకున్నాను."

బావ ఏదో అనబోయాడు. అక్క అప్పటికే చెల్లి చేతిలోంచి కాయితం లాక్కుని, ఆపరేటరు జేబులో పెన్ను అడిగి తీసుకుని, క్రేను బానెట్టు మీద పెట్టి సంతకం చేసింది.

మొదటి చుట్టు నడకలాగే తిరిగింది. రెండో చుట్టులో గేరు మార్చేటప్పుడు కారు కుదుపు లేకుండా సాగింది. మూడో చుట్టులో, బావ దిగబడ్డ మలుపు దగ్గర, పక్క సీట్లోంచి చెల్లి, "అక్కా, బ్రేకు! బ్రేకు!" అంది.

"నోరు మూసుకుని కూర్చో. నేర్పింది నేనే" అంది అక్క. తొక్కాల్సిన చోట తొక్కి, మలుపు తిరిగింది. చెల్లి ఏడ్చేసింది.

సాయంత్రం గేటు దగ్గర బావ హెల్మెట్టు చంకలో పెట్టుకుని నిలబడున్నాడు. ఆయన కారుని లారీలో ఎక్కించి పంపేశారు. బరువంతా దిగి, గాలికి కూడా కొంచెం ఊగుతున్నాడు. అక్క కారు ఆపి కిటికీ అద్దం దించింది.

"ఇంటికి పోదామా?" అన్నాడు బావ చిన్న గొంతుతో.

"ఇందులో రెండే సీట్లండీ" అంది అక్క. అద్దం ఎత్తేసి, చెల్లి వాళ్ళింటి దారి వైపు తిప్పింది.