పారేయమన్న ప్లేటు

ఆసుపత్రి ల్యాబులో నన్ను మిరపకాయ అంటారు. నిజమే, ఉమ్మి తెచ్చి కఫమని చేతిలో పెట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈసారి ఆ పని చేసింది మా అక్క.

ఆరు రోజులుగా జ్వరం, ఆయాసం. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఇస్తున్న మందు పనిచేయడం లేదు. లోపలున్నది ఏ సూక్ష్మజీవో రేపటికి తేలకపోతే మత్తిచ్చి ఊపిరితిత్తుల్లోకి గొట్టం దించాలన్నారు డాక్టరుగారు. ఇంత ఆయాసంలో తట్టుకుంటుందో లేదో చెప్పలేనని కూడా అన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

కఫం కోసం ఇచ్చిన డబ్బా చూస్తే అంతా నురుగు.

"ఇదేంటక్కా, ఉమ్మి ఇచ్చావు? లోపల్నుంచి దగ్గి తియ్యాలి."

"వార్డు నిండా జనం. వాళ్ళ ముందు ఖాండ్రించమంటావేంటే?"

"నీ సిగ్గు ఇంటికెళ్ళాక పడుదువుగాని. దుప్పటి అడ్డం పట్టుకుంటా, కానివ్వు."

పట్టుకున్నాను. ఈసారి చిక్కగా, పచ్చగా వచ్చింది. కఫం చూసి మురిసిపోయే చెల్లెలు లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇలాంటి జబ్బులో సూక్ష్మజీవిని పెంచి చూడ్డానికి మేత పోసిన రెండు రకాల ప్లేట్లు వాడతాం. ఒకటి నెత్తురు కలిపినది. రెండోది నెత్తురును వేడిచేసి కలిపినది. గోధుమ రంగులో ఉంటుందని చాక్లెట్ ప్లేటంటాం. సరిగ్గా ఆ రోజే చాక్లెట్ ప్లేట్లు నిండుకున్నాయి. తిట్టుకుంటూ నెత్తురు ప్లేటు మీదే కఫాన్ని గీతలుగా పూశాను. పదకొండేళ్ళలో మొదటిసారి తొందరపడ్డాను. గ్లౌజు తీసేశాక మూత సర్దుతుంటే వేలు లోపల తగిలింది. తగల్లేదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున తీసి చూస్తే వేలు తగిలిన చోటే పసుపుపచ్చటి బొట్టు.

"చెయ్యి తగిలినట్టుంది, చర్మం మీది క్రిమి మొలిచింది. పారేసి మళ్ళీ వెయ్యమ్మా" అన్నారు మా ల్యాబు పెద్దసారు.

మళ్ళీ వెయ్యడమంటే ఇంకో రోజు. ఇంకో రోజంటే గొట్టమే. నా చేతులు నేనే నరుక్కోవాలనిపించింది. చెత్తడబ్బా మూత తెరిచి, ఎందుకో ఆ ప్లేటును ఒకసారి వెలుతురుకు ఎత్తాను. బొట్టు చుట్టూ మంచు తుంపరలా సన్నటి చుక్కలున్నాయి. దూరంగా అలాంటిది ఒక్కటీ లేదు.

"సార్, ఒక్కసారి ఇటు చూడండి."

కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశారు.

"హీమోఫిలస్. మీ అక్క ఊపిరితిత్తుల్లో ఉన్నది ఇదే. నెత్తురు ప్లేటు మీద ఒంటరిగా బతకలేదు. పక్కన బలమైనదుంటే, అది వదిలింది తిని పెరుగుతుంది. చాక్లెట్ ప్లేటు లేనప్పుడు పక్కన ఆ బొట్టు మనమే పెట్టాలి. నువ్వు మర్చిపోయావు, నీ వేలు మర్చిపోలేదు."

ఆయన నవ్వారు. నేను స్టూలు మీద కూలబడి ఏడ్చేశాను.

ఫోన్ చేసిన గంటలో డాక్టరుగారు మందు మార్చారు, గొట్టం అక్కర్లేదన్నారు. రెండో రోజు సాయంత్రానికి జ్వరం దిగింది. అక్క దిండుకు చేరగిలబడి, ఆయాసంతో మాట మధ్యలో ఆగకుండా మాట్లాడింది.

"ఎలా కనిపెట్టావే?"

"తప్పు చేసి."

మొత్తం చెప్పాను. "ఏ వేలే అది?" అంది. చూపిస్తే పిడికిట్లో పట్టుకుని నిద్రపోయింది. కాసేపటికి గురక మొదలెట్టింది. చిన్నప్పుడు ఆ గురక పడలేక తనను ఎన్నిసార్లు మంచం మీంచి తోసేశానో. ఆ పూట మాత్రం వేలు లాక్కోకుండా కూర్చుని విన్నాను.