తెరిస్తే తెరిచినట్టే ఉండే పుస్తకం

పుస్తకాల షాపులో మా ఆయన చేస్తున్న పని చూసి నాకు ఒళ్ళు మండింది. ఒక్కో గైడుబుక్కునీ బల్ల మీద మధ్యకి తెరిచి పెట్టడం, చెయ్యి తీసెయ్యడం, మూసుకుపోతుందేమోనని కాసేపు చూడడం. మూసుకుపోతే అవతల పెట్టెయ్యడం. ముందు లోపల ఏం రాశారో చూడాలిగా? ఊహూ.

"సార్, మీరు పుస్తకం కొంటున్నారా, పుచ్చకాయ కొంటున్నారా?" అన్నాడు షాపాయన.

"బైండింగ్ చూస్తున్నానండీ" అన్నారు ఈయన, నవ్వకుండా.

ప్రయాణం నాది. నేను మ్యూజియంలో పాత బట్టలు బాగుచేస్తాను. ఏనాటివో పరదాలు చిరుగులు పడి మా బల్ల మీదికి వస్తే, నూలుకి నూలు, పట్టుకి పట్టు కలిపి, కుట్టు కనబడకుండా కుట్టడం నా పని. నేతకి పేరుపడ్డ ఒక విదేశీ పట్నానికి మ్యూజియం వాళ్ళు మమ్మల్ని కొందరిని పంపుతున్నారు. అక్కడి నేతశాలలో గోడంతేసి నేతబొమ్మలున్నాయి. వాటిని దగ్గరగా చూడాలని నేను బతుకంతా అనుకుంటూనే ఉన్నాను.

నేనొక్కదాన్నే కాదు, ఇద్దరం అనుకున్నాం, పెళ్ళయిన కొత్తలోనే. నాకు నేత పిచ్చి. సర్వే ఆఫీసులో మ్యాపులు గీసే ఆయనకి, ఒక్క వీధీ తిన్నగా లేని ఊళ్ళో నడవాలని పిచ్చి. ఊళ్ళకి ఊళ్ళు గీశారు గానీ ఉన్న ఊరు దాటింది లేదు. రిటైరయ్యాక వెళ్దాం అన్నారు. రిటైరయ్యారు, ఆ వెనకే కిడ్నీలు కూడా రిటైరయ్యాయి. ఈ జోకు ఆయనదే, నాకు నవ్వు రాదు. ఇప్పుడు రోజు విడిచి రోజు ఆస్పత్రిలో డయాలసిస్. అంత దూరం ప్రయాణం మాటే ఎత్తవద్దన్నారు డాక్టరు.

అందుకని పుస్తకాలు తాను ఎంచుతానంటే, పోనీ ఆ ముచ్చటైనా తీరనీ అనుకున్నాను. అది ఇంత పీకులాట అవుతుందని ఎవరికి తెలుసు?

నాకు కావలసింది సన్నటి పుస్తకం. ఏ బస్సెక్కాలో, దాహమేస్తే నీళ్ళు వాళ్ళ భాషలో ఎలా అడగాలో చెబితే చాలు. అలాంటివన్నీ తెరవగానే టప్పున మూసుకున్నాయి, ఆయన పక్కన పడేశారు. చివరికి ఎంచింది ఇటుకంత పుస్తకం. అందులో ఒక్క బస్సు లేదు. తెల్లవారుజామున వంతెన మీదికి మంచు ఎటునుంచి వస్తుందో ఉంది. ఏ సందులోకి తిరిగితే మన అడుగుల చప్పుడు మారుతుందో ఉంది. రంగులద్దేవాళ్ళ వీధి కాలవలో నీళ్ళు ఒకప్పుడు పూటకో రంగులో పారేవట, అదీ ఉంది.

"దీన్ని మోసుకుని తిరగాలా నేను? గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ?" అన్నాను.

"చదివి చూడు, తర్వాత తిట్టు" అన్నారు.

సాయంత్రాలు ఆయన పైకి చదివేవారు, నేను దుప్పట్లకి మాసికలు వేస్తూ వినేదాన్ని. పోనుపోను ఆ ఇటుక నన్నూ లాగేసింది. ఎంతదాకా వచ్చిందంటే, స్టేషన్ నుంచి నేతశాలకి దారి ఎటన్న దాని మీద ఇద్దరం పోట్లాటకి దిగాం.

"గడియార స్తంభం దగ్గర ఎడమకి తిరగాలి" అన్నాను.

"ఎడమకి తిరిగితే నదిలో పడతావు. కుడికి."

"పడను. అక్కడ మెట్లున్నాయి. నిన్న మీరే చదివారు."

"ఆ మెట్లు చేపల బజారు దగ్గర. మ్యాపులు గీసిన వాడికి చెబుతున్నావా?"

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇద్దరమూ చూడని ఊళ్ళో దారి కోసం చెరో పక్కకి తిరిగి కూర్చున్నాం. వండిన అన్నం చల్లారిపోయింది. అలా కూర్చున్నప్పుడు నాకు తెలిసొచ్చింది. నాకు ఆ ఊరు చూడాలని లేదు. ఆ గడియార స్తంభం కింద నిలబడి ఈయనతో పోట్లాడాలని ఉంది. ఈయన కుడికి లాగితే నేను ఎడమకి లాగాలని ఉంది.

ఆ మాట చెబితే బాధపడతారని లేచి అన్నం వేడిచేశాను.

మర్నాడు ఆయన శాలువా మరిచిపోయి ఆస్పత్రికి వెళ్ళారు. మిషన్ మీద ఉన్నంతసేపూ చలేస్తుంది ఆయనకి. మామూలుగా మా మరిదే దింపి, తీసుకొస్తాడు. తనని ఆ మంచం మీద నేను చూడడం ఆయనకి ఇష్టం లేదు, అందుకని నేను వార్డు తలుపు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ రోజు సెలవులో ఉన్నాను కాబట్టి శాలువా పట్టుకుని లోపలికే వెళ్ళాను.

ఎడమచేతికి రెండు గొట్టాలు, ఆ చెయ్యి కదపడానికి లేదు. ఒళ్ళో దిండు. దిండు మీద ఆ ఇటుక. కుడిచేత్తో పేజీ తిప్పి, చెయ్యి తీసేశారు. పుస్తకం తెరిచింది తెరిచినట్టే ఉంది. పక్క మంచం పెద్దాయన ఒంటిచేత్తో పట్టుకున్న వారపత్రిక మాటిమాటికీ మూసుకుపోతోంది.

అప్పుడర్థమైంది నాకు. ఆయన షాపులో అంతసేపు ఎంచింది నాకోసం కాదు. నేను వెళ్ళాక తను ఇక్కడ పడుకునే ఆ ఊరు వెళ్ళడానికి.

"ఇది మీ పుస్తకమా?" అన్నాను దగ్గరికెళ్ళి.

ఆయన తల వంచుకున్నారు. "నీకు సన్నటిది వేరే తెచ్చి బీరువాలో పెట్టాను. అందులో బస్సులన్నీ ఉన్నాయిలే."

"చెప్పచ్చుగా."

"చెబితే వెళ్ళనంటావు."

"ఇప్పుడూ అంటున్నాను. నేను వెళ్ళను."

"వెళ్ళాలి. మీ వాళ్ళ ప్రోగ్రాం చూసుకున్నాను. నువ్వు నేతశాలలో ఉండే పూట నేను ఈ మంచం మీద ఉంటాను. ఆ పేజీలు ఆ పూటే మళ్ళీ చదువుతాను. నువ్వక్కడ లేకపోతే ఇది ఉత్త కాగితాలే కదే."

శాలువా కప్పాను. "నాకు భయంగా ఉందండీ. నేను తిరిగొచ్చేసరికి మీరు..." కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను.

"ఏడవకు. సిస్టర్ వచ్చి నీకు బీపీ చూస్తుంది" అన్నారు.

పుస్తకం చేతిలోకి తీసుకుని చివరికి తిప్పాను. ఆఖరి అధ్యాయం సాయంత్రం రైల్లో ఆ ఊరు వదిలి రావడం గురించి.

"ఇది చదివారా?"

"అక్కడిదాకా ఇంకా రాలేదు."

నా సంచిలో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. నా పనిలో కుట్టు కనబడకూడదు. ఇది కనబడాలని ఎర్రదారం తీశాను. మంచం అంచున కూర్చుని, ఆ అధ్యాయం కాగితాలన్నీ ఒక్కటిగా పట్టుకుని, అంచు వెంబడి కుట్టేశాను. సిస్టర్ వింతగా చూసింది.

"ఏంటిది?" అన్నారు ఆయన.

"నేను వచ్చి విప్పుతాను. ఇద్దరం కలిసి చదువుదాం. అప్పటిదాకా మీరు ముట్టుకోవడానికి వీల్లేదు."

మామూలుగా అయితే ఏదో ఒక జోకు వేసేవారు. వెయ్యలేదు. కుట్టు పొడుగునా వేలితో తడిమి చూశారు.

"ఇంకో వరస వెయ్యి" అన్నారు.