పంచమి పాలు

సుందరమ్మకు ఆ పొద్దు కాళ్ళు ఒకచోట నిలవలే. పిండీ బెల్లమూ కలిపి తంబిట్టు ఉండలు కట్టె, పప్పు మాడబెట్టె, మళ్ళా ఇంకో పప్పు పొయ్యి మీదికెక్కిచ్చె. తెక్కలకోట నించి అనుష వస్తాండాది మరి. అనుష అంటే ఎవరో కాదు, ఆమె పెంచుకుంటాండే శరణ్‌కు సొంత అక్క.

కన్నోళ్ళకు ఇంక ఈ పిల్లల మీద హక్కు లేదని కోర్టు తేల్చినాక, ఇద్దర్నీ ఒకే ఇంటికి ఇయ్యాలని దత్తతిచ్చే ఆఫీసోళ్ళు శానా తిప్పలుపడినారు. కుదరలే. పిల్ల తెక్కలకోట రైతులింటికి పోయె. పిల్లోన్ని బళ్ళారి బజార్లో కిరాణా అంగడి చెన్నకేశవులూ సుందరమ్మా తెచ్చుకున్యారు. మూడేండ్లాయ. మొన్న ఆ పిల్లను పెంచుకున్న సుభద్రమ్మ ఫోన్ చేసి, పంచమికి తమ్ముని వీపు కడగాలని మా పాప ఒకటే పోరు పెడతాండాది, తీసుకొస్తే ఏమనుకోరు కదా అని అడిగె. నాగుల పంచమికి అక్కచెల్లెండ్లు అన్నదమ్ముల వీపు మీద పాలు పోసి కడిగేది మన పక్క ఉండేదే కదా. సుందరమ్మ వద్దనే లోపలే ఆమె మొగుడు రమ్మనేసినాడు, మహానుభావుడు.

ఆమె భయం ఆమెది. అక్కను చూసినాక పిల్లోడు నేనూ పోతానంటే ఏం గావల్ల? అసలే వాడు నీళ్ళు పోసుకునేటప్పుడు వీపు ముట్టనీడు, గోడకానుకొని నిలబడతాడు. నేను కన్నతల్లిని కాదనే వాడు ముట్టనీడని ఆమె ఎన్నిసార్లు కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చినాదో.

అనుషా సుభద్రమ్మా బస్సు దిగి వచ్చినారు. అనుష చేతిలో ఇంటి ఎనుము పాల చెంబు. శరణ్ వాకిట్లోనే నిలబడి కండ్లార్పకుండా చూస్తాండె. ఆ పిల్ల కుశలమూ గిశలమూ ఏమీ అడగలే.

"వీపు తిప్పరా," అనె.

వాడు అంగీ పీకేసి, వెనక్కి తిరిగి టక్కున కూర్చున్యాడు. పాలు పడంగానే వాడు మెలికలు తిరిగి పకపకా నవ్వె. అంత నవ్వు ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఇనలే.

"చిన్నప్పుడు వీనికి నేనే నీళ్ళు పోస్తాంటి, చిన్నమ్మా," అనె అనుష. "విడిపోయే పొద్దు, నేను వచ్చేదాంక వీపు ఎవరితోనూ తోమిచ్చుకోవద్దని ఒట్టేపిచ్చుకున్యా. ఈ పిచ్చోడు ఇంకా పట్టుకోనుండాడు."

సుందరమ్మకు అప్పుడర్థమాయ. పిల్లోడు తనను కాదనింది ఎన్నడూ లేదు. అక్కకిచ్చిన మాట తప్పలే, అంతే. అనుష చెంబు ఆమె చేతిలో పెట్టి, ఒట్టు తీసేసినా, ఇంక అమ్మతో తోమిచ్చుకో అని తమ్మునికి చెప్పె. సుందరమ్మ మిగిలిన పాలు పోసి, అరచేత్తో ఆ చిన్న వీపంతా రుద్దె.

"మెల్లగా అమ్మా, గిలి," అని వాడు మళ్ళా నవ్వె. ఆమె ఏడుస్తానే నవ్వె. ఇంత సంతోషం తట్టుకునేది ఎట్లనో ఆమెకు తెలీలే.

పొద్దంతా ఉయ్యాలూగినారు, తంబిట్టు తిన్యారు, కొట్లాడుకున్యారు. సాయంత్రం బస్సుకు పోతా, సుందరమ్మ ఏసిన కొత్త గాజులు చూసుకుంటా, అనుష గడప దగ్గర నిలబడె. వచ్చే పంచమికి రావచ్చునా అని మెల్లగా అడిగె. సుందరమ్మకు కోపమొచ్చె.

"పంచమికి ఆడపిల్ల పుట్టింటికి రాక యాడికి పోతాదే? చెంబు ఈడనే పెట్టిపో."

సుభద్రమ్మ కండ్లు తుడుచుకొని, అట్లయితే ఇది నాకూ పుట్టిల్లే, నేనూ వస్తానని ముందుగా పోయి బస్సెక్కె.